గీత లోపలి ఇల్లు

క్లైవ్ ఎంబ్లటన్ తన ఆఫీసు తలుపు పైన చిన్న బూడిదరంగు పెట్టె ఒకటి బిగించాడు. దొంగల అలారం కాబోలు అనుకున్నాం. ఆ వారం నుంచే మా దుకాణాల వరస ముందు చంటిపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. తల్లి బండి తోసుకుంటూ బేకరీ దాటి వచ్చేది. బిడ్డ హాయిగా నిద్రపోతూ ఉండేది. క్లైవ్ తలుపు దగ్గరికి రాగానే ఎవరో గిల్లినట్టు కెవ్వుమనేది. నా హెయిర్ పార్లర్ దాటి నాలుగడుగులు పోయాక మళ్లీ ఊరుకునేది. తల్లులు డైపర్లు విప్పి చూసుకునేవారు, పాలసీసాలు నోట్లో కుక్కేవారు. ఎందుకు ఏడుస్తున్నారో ఎవరికీ అంతుబట్టలేదు.

నాకు చెప్పింది మార్నీ.

మార్నీ హేగ్‌కి పదిహేనేళ్లు. క్లైవ్ ఆఫీసు పైనున్న ఫ్లాట్‌లో తల్లి లినెట్‌తో ఉండేది. లినెట్‌ది నరాల జబ్బు. ఒకప్పుడు ఇదే హాలోబెక్ ఊరంతా సైకిలు మీద ఉత్తరాలు పంచిన మనిషి, ఇప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడాలంటే పక్కన మార్నీ ఉండాలి. వంట, మందులు, స్నానం అన్నీ ఆ పిల్లే చూసుకునేది. లినెట్ మెట్లు దిగలేదు కాబట్టి ఆమె జుట్టు కత్తిరించడానికి నేనే పైకి వెళ్లేదాన్ని. అలా వెళ్లిన ఒక రోజు మార్నీ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏంటే, చెవిపోటా?" అన్నాను.

"కాదు గ్లెన్ ఆంటీ. ఆ కూత. బడి నుంచి వచ్చింది మొదలు పడుకునేదాకా ఆగదు. పళ్లు జివ్వుమంటున్నాయి."

"ఏ కూత? నాకేం వినపడట్లేదే."

"మీకు వినపడదు. అమ్మకీ వినపడదు. ముసలాళ్లకి వినపడదంట."

"ఎవర్నే ముసలాళ్లంటున్నావ్?" అంది లినెట్, నా దువ్వెన కింద నుంచే. "నాకింకా యాభై రాలేదు. చెవులు పీకుతా."

ముగ్గురం నవ్వుకున్నాం. కిందికి దిగి వచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు. తిన్నగా క్లైవ్ ఆఫీసులోకి వెళ్లి అడిగాను.

క్లైవ్ ఇళ్లు అమ్మిపెట్టే బేరగాడు. మా వార్డుకి కౌన్సిలర్ కూడా. ఎప్పుడూ చిరునవ్వే. అడిగితే దాచలేదు. "అది వట్టి ధ్వని గ్లెనిస్. పాతికేళ్లు దాటినవాళ్లకి వినపడదు. ఈ కుర్రమూక తలుపు ముందు నిలబడకుండా పెట్టాను. ఎవరికీ దెబ్బ తగలదు, గాయం కాదు. చట్టప్రకారం తప్పేం లేదు, కనుక్కున్నాను."

"పసిబిడ్డలకి వినపడుతోంది కదయ్యా."

"పసిబిడ్డలు ఇక్కడ ఎక్కువసేపు నిలబడరుగా," అన్నాడు.

ఆ మాట అని టీ తాగుతావా అని కూడా అడిగాడు. పురుగులకి మందు కొట్టినట్టు పిల్లలకి చప్పుడు కొడుతున్నాడు, అదీ నవ్వుతూ.

అసలు ఆ పిల్లలు వీధిలోకి ఎందుకొచ్చారో ఊళ్లో అందరికీ తెలుసు. స్టేషన్ వెనక కుర్రాళ్ల క్లబ్బు ఒకటుండేది. టేబుల్ టెన్నిస్ బల్ల, పాత సోఫాలు, టీ పెట్టిచ్చే ఒక పెద్దావిడ. ఖర్చు భరించలేమని కౌన్సిల్ దాన్ని మూసి అమ్మేసింది. అమ్మిపెట్టింది క్లైవే. తర్వాత లైబ్రరీ మూతపడింది. దాని ముందు మెట్లు, మెట్ల మీద రాతి కప్పు మిగిలాయి. మా ఊళ్లో వానకి వేళాపాళా లేదు కాబట్టి తడవకుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. బడి అయ్యాక పిల్లలు అక్కడ చేరేవారు. మార్నీ కూడా తల్లికి సాయంత్రం మందులిచ్చి, గదిలో ఆ కూత పడలేక కాసేపు అక్కడికి పోయి కూర్చునేది. ఆ పిల్లకి రోజు మొత్తంలో తనదనేది ఆ కాసేపే.

పెట్టె నోరు మూసింది డెక్లన్. పదహారేళ్ల పొడుగాటి కుర్రాడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం చెత్తడబ్బా మీదికెక్కి, వేడి బంగాళాదుంప వేపుడు చేసే చిప్స్ దుకాణంలో అమ్మే ఉడికించి మెదిపిన బఠాణీ ముద్దని పెట్టె చిల్లుల్లో నిండా కూరాడు. సోమవారం పొద్దున ఎండి పచ్చగా కారి ఉంది. ఆ రోజు మా వీధిలో ఒక్క బిడ్డా ఏడవలేదు. క్లైవ్ మాత్రం తలుపు ముందు హత్య జరిగినట్టు నిచ్చెనేసి ఫొటోలు తీయించాడు.

ఆ వారమే వీధిలో పిల్లల గురించి మెథడిస్టు చర్చి హాల్లో మీటింగు పెట్టారు. బిస్కెట్లు, టీ, గోడకి మా వీధి పటం. పాత ఉన్నిమిల్లులో కొత్తగా ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు వచ్చారు. వాళ్లకి అమ్మిన క్లైవ్ ముందు వరసలో కూర్చున్నాడు. ఒకాయన లేచి, మెట్ల మీద పిల్లలు గట్టిగా నవ్వుతున్నారన్నాడు. ఒకావిడ, వాళ్లు టోపీలు నెత్తి మీదికి లాక్కుని కూర్చుంటే తన గుండె దడదడలాడుతోందంది. ఎవరైనా ఏదైనా అన్నారా అని పోలీసు ఇన్‌స్పెక్టర్ హోల్‌రాయిడ్ అడిగింది. "అనలేదు, కానీ అనేటట్టు ఉన్నారు," అంది ఆవిడ. హాల్లో తలలూగాయి.

హోల్‌రాయిడ్ తెలివైన మనిషి. చట్టం ఏం చెబుతుందో ముందు సరిగ్గానే చెప్పింది. గుంపుల్ని చెదరగొట్టే అధికారం తను సంతకం పెడితేనే వస్తుందట, అదీ రెండు రోజులకి మించి ఉండదట. ఊరికే కూర్చున్నందుకు ఎవర్నీ పొమ్మనకూడదు, ఎవరినైనా వేధిస్తారనో భయపెడతారనో నమ్మడానికి సరైన కారణం కనబడాలి. ఎవరి ఇంటికి వాళ్లు పోకుండా అసలే ఆపకూడదు.

నేను లేచాను. "మరి ఇక్కడెవరూ ఏ కారణమూ చెప్పలేదు కదమ్మా. నవ్వారన్నారు, టోపీలన్నారు. అంతేగా?"

"గ్లెనిస్, నీ డ్రయ్యర్ల మోతలో నీకేం వినపడి చస్తుందిలే," అన్నాడు మాంసం కొట్టు రాయ్. హాలంతా గొల్లుమంది. క్లైవ్ మర్యాదగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

హోల్‌రాయిడ్ నవ్వలేదు. నా కళ్లలోకి చూసి చూపు తిప్పుకుంది. పరిమితులన్నీ అంత చక్కగా అప్పజెప్పిన ఆ మనిషే మర్నాడు పటం మీద ఎర్రగీత గీసి సంతకం పెట్టింది. రైలు వంతెన నుంచి చర్చి దాకా. నా పార్లరూ, లైబ్రరీ మెట్లూ, లినెట్ ఫ్లాటూ గీత లోపలే. ఆ రెండు రోజులు అయిపోగానే మళ్లీ పెట్టింది. వారాంతం వస్తే చాలు, మళ్లీ ఒకటి. చట్టం రెండు రోజులంటే వీళ్లు దాన్ని ముక్కలు ముక్కలుగా కలిపి కుట్టుకున్నారు.

అలాంటి ఒక శుక్రవారం సాయంత్రం మార్నీ తల్లికి చిప్స్ కొనడానికి కిందికి దిగింది. చలికాలం, అప్పటికే దీపాలు వెలిగాయి. లినెట్‌కి వారం మొత్తంలో ఇష్టమైన భోజనం అదే. వెనిగర్ చల్లిన వేడి పొట్లం చంకలో పెట్టుకుని తిరిగొస్తూ, మెట్ల దగ్గర డెక్లన్‌నీ ఇంకో ఇద్దరు అమ్మాయిల్నీ చూసి మాట్లాడటానికి ఆగింది. నేను పార్లర్ కిటికీలోంచి చూస్తున్నాను. కుర్చీలో ఒకావిడ తలకి రంగు పట్టించి ఉన్నాను.

పోలీసు వ్యాను వచ్చి ఆగింది. సార్జెంట్ ట్రస్కాట్ దిగాడు. దుక్కలాంటి మనిషి, మెడ లేదు. వెనక ఒక కుర్ర కానిస్టేబుల్.

"లేవండి లేవండి! ఎక్కడోళ్లక్కడికి పోండి."

నేను తలుపు తెరిచాను, మాటలు వినపడ్డాయి.

"ఏం చేశాం సార్?" అన్నాడు డెక్లన్.

"ఏం చేయక్కర్లేదు. గుంపుగా ఉన్నారు, చాలు."

"గుంపంటే ఎంతమంది సార్? మీరు కూడా ఇద్దరున్నారుగా."

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ట్రస్కాట్ మొహం కందగడ్డలా అయింది. జేబులోంచి కాగితాల కట్ట తీసి తలా ఒకటి చించి ఇచ్చాడు. ఆదివారం సాయంత్రం దాకా గీత లోపల కనబడకూడదు, కనబడితే అరెస్టు. డెక్లనూ ఆ ఇద్దరమ్మాయిలూ గొణుక్కుంటూ వంతెన వైపు నడిచారు. మార్నీ ఎదురు దిక్కుకి నడిచింది.

"ఏయ్ అమ్మాయ్! అటెక్కడికి?"

"మా ఇంటికి. అదిగో, ఆ పైన."

"అది గీత లోపల ఉంది. కాగితం చదువుకో."

"లోపలే కదా మా ఇల్లు! మా అమ్మ ఎదురుచూస్తోంది. తను నడవలేదు."

"నాకు కథలు చెప్పకు. వెళ్లమన్నాక వెళ్లాలి."

"ఇంకెక్కడికెళ్లను? నాకున్నది అదొక్కటే ఇల్లు!"

ఆ పిల్ల అరవడం నేను మొదటిసారి విన్నాను. వెంటనే రోడ్డు మీదికి వచ్చేశాను. "సార్జెంట్ గారూ, నిజం చెబుతోంది. ఆ పై ఫ్లాట్ వాళ్లదే. వాళ్లమ్మ జబ్బుమనిషి. పిల్లని పోనివ్వండి."

"మీరు లోపలికి పొండమ్మా. మా పనికి అడ్డొస్తే మీకూ ఒక కాగితం రాసిస్తా."

మార్నీ తలుపు వైపు ఒక అడుగు వేసింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. పదహారేళ్లు నిండని పిల్లల్ని ఇంటికో, భద్రమైన చోటికో తీసుకుపోవచ్చట. ఇల్లేమో గీత లోపల ఉంది కాబట్టి ఇంటికి తీసుకుపోడు. ఇల్లు కళ్లెదుటే ఉంది, కిటికీలో దీపం వెలుగుతోంది, తాళంచెవి పిల్ల జేబులో ఉంది. అయినా భద్రమైన చోటంటూ పక్క ఊరి స్టేషన్‌కి ఎక్కిస్తున్నాడు. కుర్ర కానిస్టేబుల్ తన బూట్ల వైపు చూసుకుంటూ వ్యాను తలుపు తెరిచాడు.

వ్యాను ఎక్కించే ముందు ట్రస్కాట్ ఆమె చేతిలోని పొట్లం తీసుకున్నాడు. మెట్ల పక్కనున్న చెత్తడబ్బాలో పడేశాడు. పొట్లంలోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"అది మా అమ్మ భోజనం," అంది మార్నీ.

"వ్యానులో నూనె కంపు నాకు పడదు," అన్నాడు.

ఇప్పటికీ ఆ చెత్తడబ్బా వస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. దెబ్బలు కొట్టిన పోలీసుల సంగతి చాలా విన్నాను. ఇక్కడ దెబ్బ లేదు, తిట్టు లేదు. ఒక జబ్బుమనిషి తిండిని తీరిగ్గా చెత్తలో వేసి చేతులు తుడుచుకున్నాడు.

రంగు పట్టించిన ఆవిడ తల గబగబా కడిగేసి, తువ్వాలు చుట్టి కూర్చోబెట్టి, పక్క మెట్లెక్కి లినెట్ తలుపు కొట్టాను. జవాబు లేదు. "లినెట్, నేనూ, గ్లెనిస్‌ని!" అని అరిచాను. లోపల్నుంచి నేల మీద ఏదో తట్టుతున్న చప్పుడు. తలుపుకి ఉత్తరాలు వేసే సందులోంచి వంగి చూస్తే నడవలో చీకటి తప్ప ఏం లేదు.

"గ్లెన్... పడిపోయాను," అంది గొంతు. ఎంత చిన్న గొంతో.

మార్నీ అరుపు విని కిటికీ దగ్గరికి పోవాలని ఒంటరిగా లేచిందట. కుర్చీకీ కిటికీకీ మధ్యలో పడింది.

ఆంబులెన్సుకి ఫోన్ చేశాను. రద్దీగా ఉంది, ఆలస్యమవుతుంది అన్నారు. పోలీసు స్టేషన్‌కి చేసి, ఆ పిల్ల జేబులో తాళంచెవి ఉంది, పంపండి అని మొత్తుకున్నాను. "మైనర్ల వివరాలు బయటివాళ్లకి చెప్పలేం మేడమ్," అంది ఫోన్లో అమ్మాయి. వివరాలెవరడిగారు! వెనక సందులోంచి చూస్తే వంటింటి కిటికీ ఓరగా తెరిచి ఉంది. నా మోకాళ్లతో నేను గోడ ఎక్కలేను. మాంసం కొట్టు రాయ్‌ని పిలిచాను. "పోలీసులు చూసుకుంటారులే," అని షట్టర్ దించుకున్నాడు.

వంతెన దగ్గరికి పరిగెత్తాను. డెక్లన్ గీత అవతల గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. విషయం చెప్పాను.

"నువ్వొస్తే పట్టుకుంటార్రా," అని కూడా చెప్పాను. చెప్పకుండా పిల్చుకురావడం అన్యాయం.

"పట్టుకోనీ," అన్నాడు. అప్పటికే నడుస్తున్నాడు.

నీళ్ల గొట్టం పట్టుకుని పిల్లిలా ఎక్కి కిటికీలోంచి దూరాడు. లోపల్నుంచి తలుపు తీశాడు. లినెట్ పక్కకి ఒరిగి పడి ఉంది, ఒక కాలు ఉండకూడని తీరులో తిరిగి ఉంది. బట్టలు తడిసిపోయాయి. నన్ను చూసి కాదు, ఆ కుర్రాణ్ణి చూసి మొహం నేలకి తిప్పుకుంది.

డెక్లన్ కోటు విప్పి ఆమె నడుము మీద కప్పాడు. పక్కనే చతికిలబడి కప్పు వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. "మిసెస్ హేగ్, మీరు మా వీధిలో ఉత్తరాలు వేసేటప్పుడు మా కుక్క మిమ్మల్ని కరిచిందంట కదా? అమ్మమ్మ చెప్పింది. అదెప్పుడో చచ్చిపోయింది లెండి. దానికి తగిన శాస్తే."

"బుద్ధి లేని కుక్క," అంది లినెట్ నొప్పిలోంచే.

"ఇంట్లో అందర్లోకీ దానికే బుద్ధి ఎక్కువ."

ఆంబులెన్సు వచ్చేదాకా అలా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఆ కుర్రాణ్ణి చూసే గుండె దడదడలాడుతోందని ఆవిడెవరో హాల్లో చెప్పింది.

స్ట్రెచర్ కిందికి దించేసరికి ట్రస్కాట్ వ్యాను మళ్లీ వచ్చింది, ఆంబులెన్సు దీపాలు చూసి. స్ట్రెచర్ వెనక కోటు చేత్తో పట్టుకుని డెక్లన్ వస్తున్నాడు.

"ఆదివారం దాకా కనబడొద్దన్నానా లేదా?"

"పడిపోయింది సార్. తలుపు తీయడానికి..."

"గీత దాటావా లేదా?"

"దాటాను."

అంతే, చేతులకి బేడీలు. స్ట్రెచర్ మీద నుంచి లినెట్ చెయ్యి పైకెత్తి, "వదలండయ్యా, వాడే లేకపోతే..." అంటోంది. ఎవరూ వినలేదు. క్లైవ్ తన ఆఫీసు గాజు తలుపు వెనక నిలబడి చూస్తున్నాడు. నేను చూసేసరికి దీపం ఆర్పేశాడు.

పార్లర్‌కి తాళం వేసి పక్క ఊరి స్టేషన్‌కి కారులో పోయాను. మార్నీ ముందుగదిలో, నేలకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గుప్పిట్లో తాళంచెవి. ఎంత గట్టిగా పట్టుకుందంటే తర్వాత చూస్తే దాని పళ్ల గుర్తులు అరచేతిలో ఉన్నాయి.

"ఇంట్లో పెద్దవాళ్లు రావాలి, అప్పుడే పంపుతాం," అన్నాడు బల్ల వెనకాయన.

"ఇంట్లో ఉన్న పెద్దమనిషి ఆంబులెన్సులో ఉంది."

"మీరు బంధువులా?"

"కాదు."

"అయితే కుదరదమ్మా. ఫోన్ చేస్తూనే ఉన్నాం, వాళ్లమ్మ ఎత్తట్లేదు. నిద్రపోయుంటుంది."

మార్నీ నా వైపు చూసింది. ఆంబులెన్సు మాట అప్పుడే దాని చెవిన పడింది. నేను ఆ పిల్లకి అలా చెప్పాలనుకోలేదు.

"నేను చెప్పాను కదా," అంది ఆయనతో. "ఎత్తట్లేదంటే పడిపోయినట్టేనని చెప్పాను. మీరు టీ కావాలా అన్నారు."

చివరికి హోల్‌రాయిడ్‌కి ఫోన్ కలిపించాను. వదిలేయమంది. మమ్మల్ని ఆసుపత్రికి పంపిన ఆ గొంతులో బెదురు ఉందే తప్ప సిగ్గు వినబడలేదు నాకు.

లినెట్‌కి తుంటి ఎముక విరిగింది. డెక్లన్ మీద కేసు పెట్టారు. ఆజ్ఞ మీరి గీత లోపలికి తిరిగి వచ్చాడని. బఠాణీల సంగతి కూడా దానికి తగిలిద్దామని చూశారు గానీ, చూసినవాళ్లెవరూ దొరకలేదు. నన్నూ అడిగారు. ఆదివారాలు నేను పడుకుంటానని చెప్పాను.

లాయరు ఫరీదా మీర్జా. మనిషి పొట్టి, జలుబుతో ముక్కు చీదుకుంటూ ఉండేది, కానీ మాట పదును. బాలల కోర్టు కాబట్టి బయటివాళ్లని రానివ్వరు. సాక్షిగా పిలిచేదాకా నేను బయట నడవలో బల్ల మీదే ఉన్నాను. ట్రస్కాట్‌ని ఆమె అడిగిన ప్రశ్నలు డెక్లన్ అమ్మమ్మ నాకు తర్వాత చెప్పింది, ఇద్దరి గొంతులూ దింపి మరీ.

"మీరు వచ్చినప్పుడు వాళ్లు ఏం చేస్తున్నారు?"

"గుమిగూడి ఉన్నారు."

"గుమిగూడి ఏం చేస్తున్నారు?"

"మాట్లాడుకుంటున్నారు."

"ఎవరినైనా తిట్టారా? దారికి అడ్డంగా ఉన్నారా? ఎవరైనా భయపడి వచ్చి మీకు చెప్పారా?"

"ఆ వేళకి లేదు. ముందుముందు జరగొచ్చని."

"ఎందుకనిపించింది?"

"అనుభవం."

"ఆ అమ్మాయి చేతిలో ఏముంది?"

"చిప్స్."

"మీ అనుభవంలో చిప్స్‌తో ఏం జరుగుతుంది సార్జెంట్?"

ఆ ప్రశ్న వద్దని జడ్జి ఆపిందట. ఆపే ముందు ఆమె కూడా పెదవి కొరుక్కుందని అమ్మమ్మ ప్రమాణం చేసి చెప్పింది.

నా సాక్ష్యం అయ్యాక నన్ను ఉండనిచ్చారు, తీర్పు నా చెవులతో విన్నాను. జడ్జి నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఈ అధికారం పోలీసులకి వీధులు శుభ్రం చేసుకోవడానికి ఇచ్చిన చీపురు కాదంది. కుర్రవాళ్లు కనబడటమే నేరం కాదు, కనబడితే కొందరికి నచ్చకపోవడం కారణం కాదు. కారణం లేకుండా ఇచ్చిన ఆజ్ఞకి విలువ లేదు, విలువ లేని ఆజ్ఞని మీరాడని ఎవర్నీ శిక్షించలేం. ఒకవేళ ఆజ్ఞ సరైనదే అయినా, పడిపోయిన మనిషి కోసం రావడం కంటే మంచి కారణం తనకి తట్టడం లేదంది. "ఇక ఆ అమ్మాయి విషయం ఈ కోర్టు ముందు లేదు," అని ఆగింది. "లేకపోయినా అంటున్నాను. పిల్లని సొంత ఇంటికి పోనివ్వకుండా ఆపే హక్కు చట్టం మీకు ఇవ్వలేదు, ఇవ్వడం లేదని తేటగా రాసి ఉంది. మీరది చదివి ఉండాల్సింది."

కేసు కొట్టేసింది. అమ్మమ్మ ఏడ్చింది. డెక్లన్, "ఇక ఇంటికెళ్లొచ్చా?" అని అడిగాడు జడ్జిని.

కోర్టు మెట్ల దగ్గర క్లైవ్ ఎదురుచూస్తున్నాడు, స్థానిక పత్రిక కుర్రాడితో. "న్యాయం జరిగింది," అంటున్నాడు. "పోలీసులు కాస్త అతి చేశారని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను. మా పిల్లలు మా భవిష్యత్తు." ఫొటో కోసం డెక్లన్ భుజం మీద చెయ్యి వేయబోయాడు. డెక్లన్ ఒక పక్కకి జరిగాడు, చెయ్యి గాల్లో ఉండిపోయింది. నేను నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందో నాకే తెలియక కారెక్కాను.

తర్వాత హోల్‌రాయిడ్ పార్లర్‌కి వచ్చింది, మామూలు బట్టల్లో. పై నుంచి సంతకం చేసేటప్పుడు కింద ఏం జరుగుతుందో ఊహించలేదంది. విచారణ జరుగుతుందంది. లినెట్‌కి పూలు పంపామంది.

"ఆ రోజు మీటింగులో చట్టం మొత్తం మీరే చెప్పారుగా," అన్నాను.

"చెప్పాను."

"చెప్పి సంతకం పెట్టారు."

కుర్చీలో కూర్చుని జుట్టు చివర్లు కత్తిరించమంది. ఖాళీ లేదన్నాను. పార్లర్లో మేమిద్దరమే ఉన్నాం. అద్దంలో ఒకరినొకరు చూసుకున్నాం, ఆమె లేచి వెళ్లిపోయింది. ట్రస్కాట్‌ని వీధుల నుంచి తీసి, కొత్తగా చేరిన పోలీసులకి పాఠాలు చెప్పే చోట వేశారని ఆ తర్వాత తెలిసింది. విన్న రోజు నేను అన్నం ముట్టలేదు.

లినెట్ మళ్లీ ఆ మెట్లెక్కే ఆశ లేదు. ఆసుపత్రి నుంచి రాగానే ఊరికి ఆ చివర, కాలువ పక్కన కింది అంతస్తు ఫ్లాట్ ఇచ్చారు. చక్రాల కుర్చీ గుమ్మంలోంచి తిన్నగా పోతుంది. మంచిదే, ఏళ్ల తరబడి అడిగితే ఇవ్వనిది తుంటి విరిగాక ఇచ్చారు.

వసంతంలో ఒక ఆదివారం కత్తెరలు సంచీలో వేసుకుని వెళ్లాను. లినెట్ చిక్కిపోయింది గానీ నోరు చిక్కలేదు. "ఈసారి పొట్టిగా కొట్టు గ్లెన్, ఆ జడ్జిగారిలా," అంది. మార్నీ కిటికీ దగ్గర కూర్చుని బడి పుస్తకం చదువుతోంది. ఆ పిల్ల సాయంత్రాలు బయటికే వెళ్లడం లేదని లినెట్ నాకు కళ్లతో చెప్పింది.

"డెక్లన్ వాళ్లు అడుగుతున్నారే నిన్ను," అన్నాను మార్నీతో. "శనివారం రా. మెట్ల మీద మళ్లీ కూర్చుంటున్నారు. ఇప్పుడెవరూ లేపడం లేదు, వ్యాను వచ్చినా ఆగకుండా పోతోంది. కూర్చోవచ్చని జడ్జే చెప్పిందిగా."

మార్నీ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది.

"కూర్చోవచ్చని జడ్జి చెప్పాలా ఆంటీ?"

లినెట్ మెడ మీద పడ్డ వెంట్రుకలు దులిపాను.

"అయినా ఒక రోజు వస్తాలే," అంది. "ఇప్పుడు కాదు. యూనిఫాం కనబడితే చెయ్యి జేబులోకి పోతోంది, తాళంచెవి ఉందో లేదో చూసుకోడానికి. అది తగ్గాక వస్తా."

లేచి తల్లి కుర్చీకి బ్రేకు తీసింది. వాన వెలిసింది, బయటికి తీసుకెళ్లమని లినెట్ పొద్దుట్నుంచీ గోల చేస్తోందట. ముగ్గురం కాలువ గట్టు మీద చిప్స్ బండి దాకా వెళ్లాం. వెనిగర్ ఎక్కువ వేయించుకుని, బాతులు చుట్టూ మూగుతుంటే అక్కడే బల్ల మీద కూర్చుని తిన్నాం.